గోరంత పలక

"డబ్బా ఆ బల్ల మీద పెట్టి వెళ్లండి," అంది వీబ్కె, తల ఎత్తకుండానే.

గుమ్మంలో ముసలాయన కదల్లేదు. నీలం కోటు భుజాల మీద మంచు కరుగుతోంది.

"సంతకం చెయ్యాలా?"

"అక్కర్లేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "దీంతో మీరేం చేస్తారో చూడొచ్చా?"

పక్క బల్ల దగ్గర యోస్ట్ నవ్వాడు. "విన్నావా వీబ్కె? పార్సిలాయనకి కూడా భౌతికశాస్త్రం కావాలట!"

వీబ్కె డబ్బా తెరిచింది. లోపల నల్లగా మెరిసే గోరంత పలక. డ్రెస్డెన్‌లోని ఆ ప్రయోగశాల దీనికోసం ఏడు నెలలు ఎదురుచూసింది.

ఆ సంతోషంలో ముసలాయనకి నాలుగు ముక్కలు చెప్పింది.

"ఇందులో లెక్కలేనన్ని బుల్లి అయస్కాంతాలుంటాయి. బాగా చల్లబరిస్తే అన్నీ ఒకే వైపు తిరగాలి. అప్పుడు కరెంటు మధ్యలోంచి పోదు. అంచు వెంట, ఒకే దిక్కుగా పోతుంది. అడ్డు ఉండదు, వేడి పుట్టదు. అయస్కాంతాలు తిరగబడితే అదీ తిరగబడుతుంది."

"నిజంగా అలా పోయిందా?"

"ఇంతవరకూ లేదు. ఏ పలకలోనూ అవి ఒక్క మాట మీద నిలబడలేదు."

"మెల్లగా చల్లబరచండి. తొందరపెట్టకండి."

"అది కూడా మీరే చెప్పాలా?" అంది వీబ్కె.

ఆయన చిన్నబోయి నవ్వాడు. "మీతో ఒక్క గంట మాట్లాడాలి."

"ఇవాళ కుదరదండి. కావాలంటే నడవాలో కూర్చోండి, చూద్దాం."

మధ్యాహ్నం ఆమె బంగాళదుంపల సూప్ తాగడానికి వెళ్తున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడూ ఉన్నాడు. ఆమె చూడనట్టే దాటిపోయింది.

చీకటి పడేసరికి లేడు.

మూడు వారాల తర్వాత, తెరమీద గీత నిటారుగా లేచి, పైన బల్లపరుపుగా నిలబడింది. కరెంటు అంచు వెంటే పోతోంది. యోస్ట్ కేకపెట్టాడు. వీబ్కె ఏడ్చేసింది.

రెండోసారి చల్లబరుస్తుంటే పలక పగిలింది.

ఒక్క పలకలో ఒక్కసారి జరిగినదాన్ని ఎవరు నమ్ముతారు? మరొకటి పంపమని, ఫ్రైబెర్గ్‌లో దాన్ని కొలిమిలో స్ఫటికంలా పెంచిన లోజెకి రాసింది. ఎప్పుడూ రెండు వాక్యాల్లో జవాబిచ్చే మనిషి. ఈసారి జవాబు లేదు.

మిగతాచోట్ల పెంచిన పలకలు తెప్పించింది. పదకొండు. ఒక్కదానిలోనూ గీత లేవలేదు.

ఏప్రిల్లో తనే ఫ్రైబెర్గ్‌కి రైలెక్కింది.

లోజె ఇంటి వెనక షెడ్డు తాళం ఆయన అక్క ఇర్మ్‌ట్రౌట్ తీసింది. లోపల కొలిమి చల్లగా ఉంది.

"మా తమ్ముడు ఫిబ్రవరిలో పోయాడమ్మా."

వీబ్కె చల్లారిన కొలిమి మీద చెయ్యి పెట్టింది.

"పలక పెంచే పద్ధతి ఎక్కడైనా రాసిపెట్టారా?"

"ఎక్కడ రాస్తాడు? కొలిమి రంగు చూసి చెయ్యి కదపాలి, అది కాగితం మీద రాదనేవాడు. పక్కన నిలబెట్టుకుని చూపించాలట."

"ఎవరికీ చూపించలేదా?"

ఇర్మ్‌ట్రౌట్ ఆమె వైపు చూసింది.

"వాడికి తన పేరు చెప్పుకోవాలన్నా మొహమాటమే. ఇంక నెలే టైమని డాక్టర్లు చెప్పిన మర్నాడు, ఆ పలక టపాలో వెయ్యకుండా తనే పట్టుకుని డ్రెస్డెన్ వచ్చాడమ్మా, ఆ పని నీకు నేర్పి పోదామని."