నిద్రపోయిన బిడ్డ

"ఉమ్మడానికి కూడా భయమేంటత్తా? మా అమ్మని చూడు, నిక్షేపంగా ఉమ్మి ఇచ్చింది!"

ఆడబిడ్డ కొడుకు మిమూన్ నవ్వుతూనే అన్నాడు. ఇత్తోకి మాత్రం ఆ నవ్వు కత్తి నూరినట్టు వినపడింది.

రాజధాని రబాత్ నుంచి వచ్చిన డాక్టరమ్మ నజ్వా, ఊరి పెద్దల అరుగు మీద చిన్న చిన్న గొట్టాల పెట్టె తెరుచుకుని కూర్చుంది. ఈ అట్లాస్ కొండల జనం ఎక్కడెక్కణ్ణించి వచ్చి కలిశారో ఉమ్ము చెబుతుందట.

"ఎడారి దాటి వచ్చినవాళ్ళున్నారు, సముద్రం దాటి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళూ ఉన్నారు. తండ్రి నుంచి కొడుక్కి ఒక పోగు వస్తుంది. తల్లి నుంచి బిడ్డలందరికీ ఇంకో పోగు. ఆ పోగులు పట్టుకుని వెనక్కి పోతాం" అందామె.

"నా ఉమ్ములో స్పెయిన్ కనపడితే వీసా ఇప్పించు తల్లీ" అన్నాడు ముసలి జైద్. అరుగంతా గొల్లుమంది.

ఇత్తో నవ్వలేదు. "పళ్ళే లేవు, ఇంక ఉమ్మెక్కడిదమ్మా" అని తప్పుకుంది. కానీ కొడుకు యిదీర్ అప్పటికే గొట్టం నింపి ఇచ్చేశాడు.

నలభై ఆరేళ్ళ కిందటి సంగతి. ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు. ఇత్తో మొగుడు గని కూలి చనిపోయిన మూడో ఏడు అది. మేకల్ని తోలుకుని వేసవి మేతకు కొండెక్కిన వదినా ఆడబిడ్డా, ఇత్తో, తూదా, చలి ముదిరాక దిగొచ్చారు. ఇత్తో చంకలో పసిగుడ్డు.

"ఆయన బిడ్డే. దుఃఖానికి కడుపులో నిద్రపోయాడు. ఇప్పుడు లేచాడు" అంది.

మొగుడు పోయిన ఆడదాని కడుపులో బిడ్డ ఏళ్ళ తరబడి నిద్రపోతాడని ఆ కొండల్లో తాతల నాటి నమ్మకం. మంత్రసాని ఔనంది. పెద్దలూ ఔనన్నారు. ఎదురుగా తలూపినవాళ్ళే చాటుకెళ్ళి ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత ఇత్తోని మనువాడతానని ఆ గడప తొక్కిన మగాడు లేడు.

తూదాని మరుసటేడే, ఆ కొండల ఆచారం ప్రకారం, సొంత బాబాయి కొడుక్కిచ్చి చేశారు. మిమూన్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. వాడు పుట్టినప్పుడు ఊరంతా డప్పులు మోగాయి.

ఆ మిమూన్ ఇప్పుడు అరుగు మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఇదిగో బావా, నీ ఉమ్మూ నా ఉమ్మూ పక్కపక్కన పెట్టి చూపిద్దాం. మనిద్దరిదీ ఒకే వంశమైతే తండ్రి పోగు ఒక్కటే రావాలి. రాలేదనుకో, మా మావయ్య అక్రోటు తోటా, కాలవలో నీటి వంతూ వదిలేసి పొలిమేర దాటాలి. సరేనా?"

"సరే. మా అమ్మ మాట మీద నాకు గురి ఉంది" అన్నాడు యిదీర్.

డాక్టరమ్మ మొహం చిట్లించింది. "నేనొచ్చింది ఇందుకు కాదు. తెలిశాక మళ్ళీ తెలియనట్టు చెయ్యడం నా వల్ల కాదు. ఆలోచించుకోండి."

ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టేశారు.

ఆ సాయంత్రం ఇత్తో కర్ర పొడుచుకుంటూ ఆడబిడ్డ ఇంటికి వెళ్ళింది. తూదా పొయ్యి ముందు కూర్చుని ఉంది. బార్లీ పిండి కలిపింది కానీ పొయ్యి రాజెయ్యలేదు.

"నేను ఇయ్యననే అన్నాను వదినా. మా వాడే గొట్టం నోటి దగ్గర పెట్టాడు."

"పెదవి కదపకు పిల్లా. ఏదొచ్చినా నా నెత్తినే. ఇన్నేళ్ళు మోసినదాన్ని, ఇంకో నాలుగేళ్ళు మొయ్యలేనా?"

"యిదీర్‌ని ఊళ్ళోంచి గెంటేస్తే?"

"వాడి వెనకే నేనూ పోతా. నువ్వు మాత్రం ఈ గడప దాటకు."

తూదా రెండు చేతులతో ఇత్తో చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

శిఖరం మీద తొలి మంచు పడ్డాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అరుగు కిక్కిరిసిపోయింది. మిమూన్ తల్లిని రెక్క పట్టుకుని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. "కొండ మీద పక్కనే ఉన్న సాక్షి ఈమే. ఇవాళ వినాలి" అన్నాడు.

డాక్టరమ్మకి ఎవరో పుదీనా టీ ఇచ్చారు. ఆమె తాగలేదు. కూర్చోనూ లేదు. కాగితం విప్పి మొదటి వరుస చదివింది.

"ఇద్దరి తండ్రి పోగులూ కలవలేదు."

"విన్నారా! నిద్రపోయిన బిడ్డట! నిద్రపోయింది మన ఊరు!" మిమూన్ కేక వేశాడు.

యిదీర్ మొహం బూడిదయింది. తల్లి వంక చూశాడు.

ఇత్తో కర్ర కింద పడేసి లేచింది. "ఔను. తప్పు నాదే. నా బిడ్డకు ఏ పాపమూ తెలీదు. తోటా వద్దు, నీళ్ళూ వద్దు, పొద్దు వాలేలోపు ఊరొదిలి పోతాం." తడబడుతూ వెళ్ళి డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "నీ బిడ్డల మీద ఒట్టు తల్లీ, ఇంక చదవకు. ఆ కాగితం మడిచెయ్యి."

డాక్టరమ్మ తూదా వైపు ఒక్కసారి చూసింది. నెమ్మదిగా కాగితం మడవబోయింది.

"ఎందుకు మడవాలి? నా సంతకం కూడా ఉంది దాని మీద!" అంటూ మిమూన్ ఆ కాగితం లాక్కున్నాడు. గొంతు సవరించుకుని, వెనక వరస దాకా వినపడేలా, గర్వంగా, ఒక్కో మాటా విడదీసి చదివాడు:

"యిదీర్, మిమూన్: తండ్రులు వేరు, కన్నతల్లి ఒక్కరే, తూదా."