బూడిదరంగు పళ్ళ వంశం

చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ణి అన్నయ్య వాడి పళ్ళు చూసే గుర్తుపట్టాడు. తన పళ్ళ మీదున్న బూడిదరంగు చారలే వాడికీ ఉన్నాయి. అక్కడికక్కడే కావలించుకుని, ఇంట్లో సగం రాసిచ్చాడు.

ఇవాళ ఇద్దరూ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"ఇవి మా వంశం చారలండీ," అన్నాడు అన్నయ్య గర్వంగా.

"వంశం లేదు గింశం లేదండీ. పళ్ళు తయారయ్యే వయసులో జ్వరానికి తాగిన మందు వల్ల పట్టిన రంగు. అప్పట్లో పిల్లలందరికీ అదే పోసేవారు." డాక్టరు మాస్కు దించి నవ్వాడు. "ఇదిగో, నాకూ ఉన్నాయి."

తమ్ముడు గబుక్కున పెదాలు బిగించి పళ్ళు దాచుకున్నాడు.

అన్నయ్య కుర్చీలోంచి లేచి, కళ్ళనీళ్ళతో డాక్టరును వాటేసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా తమ్ముడూ!"

తమ్ముడు వెనకనుంచి అన్నయ్య భుజం తట్టాడు.

"వీడికి వాటా ఇస్తే నీ సగంలోంచి ఇచ్చుకో, అన్నయ్యా."