నలభై ఒకటో లైను

"ఈ నలభై ఒకటో లైను పీకేద్దామా? ఏడాదిగా దీని ఎదురుగా సున్నాయే ఉంది," అన్నాడు కొత్త మేనేజరు.

"సున్నా అంటే లేదని కాదు సార్, మన కంట పడలేదని." ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆఫీసులో ఆమెను అందరూ 'వెయ్యికొకటక్క' అంటారు. మనం పంపే ప్రతి మాటా, ప్రతి బొమ్మా చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి లైన్ల మీద పరిగెడుతుంది. వెయ్యి ప్యాకెట్లకు ఒకదాన్ని పట్టి చూసి, మొత్తం రద్దీ ఎంతో అంచనా కట్టడం అక్క పని. అన్నీ చూడబోతే యంత్రాలు చతికిలబడతాయి.

నలభై ఒకటో లైను కొండ మీదికి వెళ్తుంది. అక్కడ మూతపడిన గని, దాని యంత్రాలకు కాపలాగా ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి అక్క భర్త. కొండ మీద వేరే సిగ్నలు లేదు. మాట్లాడుకుందామంటే లైను మోయదట. అందుకని రోజూ ఒంటిగంటకు ఒక్క మెసేజ్ పెడతాడు. రెండు నెలలకోసారి వచ్చి రెండు రోజులుంటాడు. ఆమె అల్లిన స్వెట్టరు ఒక్క పోగైనా చెదరకుండా తిరిగొస్తుంది. అంత జాగ్రత్త మనిషి.

ఆ ఒక్క మెసేజ్ కోసమే అక్కకు రోజూ తెల్లవారేది. దాన్ని కూడా ఊడబెరుకుతామంటే ఊరుకుంటుందా?

"ఆయన మెసేజ్ అంతా కలిపి నాలుగు ప్యాకెట్లు సార్. వెయ్యికొకటి చొప్పున చూస్తే ఏడాదంతా తప్పించుకుపోవచ్చు. కావాలంటే లెక్క కట్టి చూపిస్తాను."

"మా బావగారి కోసం లెక్కల్నే ఒప్పించేలా ఉన్నావక్కా," అని నవ్వాడు పక్క సీటాయన.

"నవ్వు నాయనా, నవ్వు. నీ పెళ్లాం రోజూ నీ కళ్లెదుటే ఉంటుంది. నీకేం తెలుస్తుంది?"

మేనేజరు చెడ్డవాడేం కాదు. "సరేనమ్మా. రేపొక్కరోజు ఆ లైనుకి వెయ్యికొకటి మానేసి, వచ్చినవన్నీ లెక్కపెట్టండి. ఒక్కటి కనబడినా లైను జోలికి రాను."

మర్నాడు పరీక్షకెళ్లే పిల్లలా అక్క అందరికంటే ముందొచ్చి కూర్చుంది. లెక్క సరిగా పడుతోందో లేదో పక్క లైన్ల మీద రెండుసార్లు సరిచూసుకుంది. అక్కడ అంకెలు పరుగులు తీస్తున్నాయి.

ఒంటిగంట కావస్తుండగా ఆమె చుట్టూ అందరూ మూగారు. మేనేజరు కూడా టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

ఫోను మోగింది. 'తిన్నాను. ఇక్కడ ఒకటే మంచు. నీ స్వెట్టరే కాపాడుతోంది.'

"వచ్చేసింది!" అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోను అందరి వైపూ తిప్పింది. "చూశారా సార్? నేనేమన్నాను?"

కానీ ఎవరూ ఫోను వైపు చూడటం లేదు. అందరూ చూస్తున్న తెర మీద, నలభై ఒకటో లైను ఎదురుగా, సున్నా అలాగే ఉంది.