శనివారం వంతు

ఉతికిన బట్టల బుట్ట నడుముకు ఆనించుకుని విక్రాంత్ తీగల దగ్గరికి వచ్చాడు.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో వాళ్ళ అపార్ట్‌మెంటు అడుగున పెద్ద కెల్లర్ ఉంది. నేలమాళిగ. అక్కడ ఎవరి మెషిన్ వాళ్ళదే, ఆరవేసే తీగలు మాత్రం అందరివీ. వంతుల కాగితం తలుపుకు అంటించి ఉంటుంది. శనివారం పొద్దున విక్రాంత్ వాళ్ళ వంతు.

ముందు భార్య బట్టలు తీశాడు. నాలుగు జతలు. ఒక్కొక్కటీ దులిపి, ముడతలు చేత్తో సాగదీసి, తీగ మీద వేశాడు. తిరగేసి ఉతికితే రంగు పోదని స్నిగ్ధ ఎప్పుడో చెప్పింది. అప్పుడు చెవిన పెట్టలేదు. ఇప్పుడు తిరగేసే ఉతుకుతున్నాడు.

పెళ్ళయి మూడేళ్ళు. మొన్నమొన్నటిదాకా ఆమె బట్ట ఒక్కటి ముట్టుకున్న మనిషి కాదు. మెషిన్ సంగతి మాత్రం అంతా తెలుసు. అది కొనడానికి మూడు వారాలు షాపుల చుట్టూ తిరిగాడు. ఏది ఎంత కరెంటు తింటుంది, ఎన్ని నీళ్ళు తాగుతుంది, అన్నీ ఫోన్లో ఫొటోలు తీసుకొచ్చి పక్కపక్కన పెట్టి చూశాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వంటింటి గోడకు ఒక కాగితం అంటించాడు.

కెటిల్లో తాగేటన్ని నీళ్ళే పోయాలి. మూత లేకుండా గిన్నె స్టవ్ మీద పెట్టకూడదు. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని ఆలోచించకూడదు. మూడున్నర గంటలు పట్టినా సరే, మెషిన్లో తక్కువ కరెంటు తినే ఇకో ప్రోగ్రామే పెట్టాలి. నిండితే తప్ప మెషిన్ వేయకూడదు.

"మొగుడికి కూడా ఇకో ప్రోగ్రాం పెట్టారా? మాటలు కూడా పొదుపుగానే వస్తున్నయ్" అంది స్నిగ్ధ. నవ్వుతూనే అంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి కెల్లర్లో మెషిన్ తిరుగుతోంది. గాజు తలుపులోంచి చూశాడు. లోపల ఒకే ఒక్క ఆకుపచ్చ చుడీదార్. ఒళ్ళు మండింది. బటన్ నొక్కి ఆపేశాడు. మెట్ల మీద నిలబడే అరిచాడు.

"ఒక్క బట్టకు ఇంత మెషినా? బుద్ధుందా నీకు?"

 మర్నాడు స్నిగ్ధకు ఇంటర్వ్యూ. పసిపిల్లల్ని చూసుకునే కీటాలో ఉద్యోగం. దానికోసం దాచుకున్న చుడీదార్ మీద పసుపు మరక పడితే మెషిన్లో వేసింది. అది నీళ్ళు కారుతూ లోపలే ఉండిపోయింది. పాత టీషర్టు తొడుక్కుని, పైన లావు జాకెట్ వేసుకుని వెళ్ళింది. ఉక్కపోసే గదిలో జాకెట్ విప్పకుండా చెమటలు కక్కుతూ కూర్చుంది. ఉద్యోగం రాలేదు.

ఆ రోజు నుంచి స్నిగ్ధ అతనితో మాట్లాడటం లేదు.

ఎందుకు వేశావని ఒక్క మాట అడగలేదు తను. అడిగి ఉంటే చెప్పేది. అదే విక్రాంత్‌ను తినేస్తోంది. తర్వాత గోడ మీది కాగితం చింపేశాడు. స్నిగ్ధ చూడలేదు. తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి శనివారం శనివారం ఆమె బట్టలు ఉతకడం మొదలుపెట్టాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. మూడో ఫ్లోరు రాజ్యశ్రీ. వరంగల్ మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. తరువాతి వంతు ఆమెది.

"ఏం తమ్మీ, ఇయ్యాల గూడ నువ్వేనా? మా ఆయన సాక్సులు గూడ బుట్టల ఎయ్యడు. తీస్కొచ్చి నిన్ను చూపియ్యాలె."

విక్రాంత్ తల దించుకున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"గీ ఆకుపచ్చది వారం వారం ఇక్కడనే కనబడ్తది. పిల్లకు వేరే బట్టల్లేవా? రంగంత పాయె."

"ఆమెకు అదంటే ఇష్టమక్కా."

"ఇష్టమైతే గసొంటిదే ఇంకోటి కొనియ్యి. గా కరెంటు సోది ఆపి." రాజ్యశ్రీ గొంతు తగ్గించింది. "మాట్లాడుతున్నదా నీతోని?"

"ఇంకా లేదక్కా."

"ఎట్ల మాట్లాడ్తది? ఆ దినం నీ లొల్లి మా ఇంట్ల దాక ఇనొచ్చింది. బట్టలుతికితె పోతదా అది? నోరు దెరిచి తప్పయిందను."

"అంటాను."

"ఎప్పుడంటవ్, ముసలోనివైనంక? నా షిఫ్టులల్ల పడి నేను గూడ ఆమె మొకం చూడక ఎన్ని దినాలాయె. పా, నేనొచ్చి చెప్త. ఎట్ల నవ్వదో చూస్త."

ఆమె బుట్ట కింద పెట్టేసింది.  విక్రాంత్ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దక్కా. తప్పు నాది. నేనే చెప్పుకోవాలి."

రాజ్యశ్రీ అతని ముఖం చూసి మెత్తబడింది. బుట్టలో బట్టల పైనున్న డబ్బా తీసి చేతిలో పెట్టింది.

"సర్వపిండి. పొద్దున్నే చేసిన. స్నిగ్ధకియ్యి. నువ్వు తిన్నవో, ఊకోను."

సాయంత్రం ఆరిన బట్టలు పైకి తెచ్చాడు. డబ్బా టేబుల్ మీదే ఉంది. మూత తీయలేదు. అది స్నిగ్ధది.

మంచం మీద కూర్చుని ఆమె బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టాడు. చేతులు పైకి, అంచులు లోపలికి, ఆమె పెట్టినట్టే. ఆకుపచ్చ చుడీదార్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తప్పయింది స్నిగ్ధా" అన్నాడు.

ఇన్నాళ్ళకు ఆ మాట గొంతు దాటింది. 

లేచాడు. రెండు నెలల కింద పెట్టె సర్దుకుని వెళ్ళిపోతూ ఆమె వదిలేసిన ఆ నాలుగు జతల్నీ, ఎవరూ తొడుక్కోకుండానే, వచ్చే శనివారం కోసం మళ్ళీ మాసిన బట్టల బుట్టలో వేశాడు.