మూడో పైపు

నేను లేకపోయినా మా ఇల్లు మామూలుగానే నడిచిపోతుందేమోనన్నదే నాకున్న భయాలన్నిటిలోకీ పెద్ద భయం. పాప పుట్టాక ఆ భయం ఇంకా ఎక్కువైంది.

మా పాత పికప్ బండి ఒకటే వణుకుతోందని మా ఆయన, నేను, పాప ముగ్గురం షెడ్డుకు వెళ్లాం. ఇంజిన్ నడుస్తుండగానే మెకానిక్ బాబాయ్ నాలుగు డీజిల్ పైపుల్లో మొదటిదాని నట్టు వదులు చేసి, దాని నుంచి ఇంజిన్‌కు డీజిల్ అందకుండా చేశాడు. ఇంజిన్ తడబడింది.

"ఇది బాగానే పనిచేస్తోంది" అని మళ్లీ బిగించాడు. రెండోదీ అంతే. మూడోది వదులు చేస్తే మాత్రం చప్పుడులో ఏ తేడా రాలేదు.

"దొరికాడు దొంగ!" అన్నాడు బాబాయ్.

"అయితే అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని మా ఆయన నవ్వాడు.

నేను పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాను.

"ఒకటెలా అవుతుందయ్యా?" అన్నాడు బాబాయ్. "దాని బరువు కూడా మిగతా మూడే మోస్తున్నాయి, అందుకే ఈ వణుకు. డీజిల్ చిమ్మే నాజిల్ మూసుకుపోయి ఎన్నాళ్లయిందో! రోజూ తోలేవాడివి, నీకు తెలీలేదా?"

"బండి నడుస్తూనే ఉంది కదా బాబాయ్."

"నడుస్తోంది కాబట్టే నువ్వు చూడలేదు."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏంటి, పొద్దుట్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు?"

"పొద్దుట్నుంచి కాదండీ, పాప పుట్టినప్పట్నుంచి" అన్నాను.

మీ పక్కింట్లో పసిబిడ్డ తల్లి ఎవరైనా ఉంటే, ఇల్లు నడుస్తోంది కదా అనుకోకండి. ఒక్కసారి వెళ్లి ఆమెను పలకరించి రండి.