రెండు వేళ్ళ నీళ్ళు

“రెండు వేళ్ళ మందం నీళ్ళు ఏమయ్యాయయ్యా?” జీపు పూర్తిగా ఆగకముందే ఇంజనీరు అరిచాడు.

“చేప తాగింది సార్,” అన్నాడు తూము కాపరి, తలపాగా సర్దుకుంటూ.

“ఏంటీ?”

“మీరు ఈ సరస్సుకి కొత్త. ఇందులో ముసలి చేప ఒకటుంది. ఎండలు ముదిరితే దానికి దాహం. ఒక్క గుటక వేసిందంటే రెండు వేళ్ళు ఠక్కున దిగుతాయి. మా నాన్న హయాంలో అయితే తాగి త్రేన్చింది కూడానూ. అవతలి ఒడ్డున ఇళ్ళ పెంకులు లేచిపోయాయి.”

ఇంజనీరు నవ్వలేదు. తూము చక్రం దగ్గరికి వెళ్ళి, ఇనప మర మీద వేలు రాసి చూశాడు. గ్రీజు తాజాగా ఉంది.

“గ్రీజు కూడా చేపే పూసిందా?”

కోతల్లో ఆ ముసలాయన్ని మించినవాడు చుట్టుపక్కల పదహారు సరస్సుల్లో లేడు. అంతటివాడు గ్రీజు దగ్గర దొరికిపోయాడు.

“మూడు రోజులు తెరిచాను సార్. తప్పే.”

“తప్పా! పట్నానికి పది రోజుల తాగునీరయ్యా అది. వానలు ఆలస్యమైతే జనం నా పీకల మీద కూర్చుంటారు. ఎవడి పొలానికి వదిలావు?”

“పొలానికి కాదు సార్. మనవరాలికి.”

అందరి ఇళ్ళలో పిల్లల్ని గుమ్మానికి ఆనించి గీత గీస్తారు. తూము కాపరి ఇంట్లో ఆ పని సరస్సు చేస్తుంది. కాలానికొకసారి, నీటిమట్టం గేజి మీద పది అడుగుల గీతకి వచ్చిన రోజు చూసుకుని, ఇంటిల్లిపాదీ క్యారియరు సర్దుకుని రేవుకి పోతారు. వానల్లో గొడుగులు పట్టుకుని, చలికాలం పళ్ళు టకటకలాడించుకుంటూ, వేసవిలో ఒకళ్ళనొకళ్ళు నీళ్ళలోకి తోసుకుంటూ. నీటి అడుగున ఉన్న మూడో మెట్టు మీద పిల్ల నిలబడాలి. నీళ్ళు ఒంటి మీద ఎంత కిందికి దిగితే, పిల్ల అంత ఎదిగినట్టు.

“పోయిన ఎండల్లో నీళ్ళు దాని చివరి పక్కటెముకకి తగిలాయి సార్. వానల్లో అక్కడే. చలికాలమూ అక్కడే. ఒక్క వేలు కదల్లేదు. మందు ఒంటికి పడితే పిల్ల ఎదుగుతుంది, ఈ వేసవికీ ఎదగకపోతే ఇక మా చేతుల్లో లేదన్నాడు డాక్టరు. అప్పట్నించీ మా వాడు, పిల్ల తండ్రి, మనుషుల్లో లేడు. ఇవాళే కొలత. మధ్యాహ్నం దాకా ఆగండి. ఆ తర్వాత ఉద్యోగం పీకేస్తారో, నన్నే తూములో వేస్తారో మీ ఇష్టం.”

“నీళ్ళు తగ్గిస్తే రోగం తగ్గుతుందా ముసలోడా?”

“తగ్గదు సార్. మా వాడు ఒక్క పూట కడుపునిండా తింటాడు. అంతే.”

ఇంజనీరు వేలికంటిన గ్రీజుని రుమాలుతో తుడుచుకుని, “పద,” అన్నాడు.

రేవులో చాప పరిచి ఉంది. కొడుకు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, రిపోర్టు కోసం ఆస్పత్రి కిటికీ దగ్గర నిలబడ్డవాడిలా నీళ్ళ ముందు నిలబడ్డాడు. కోడలు పిల్ల జుట్టు పైకి ముడి వేస్తోంది. ఆ పిల్లని ఇంట్లో అంతా పిచ్చుక అంటారు. తొమ్మిదేళ్ళు నిండినా ఆరేళ్ళదానిలా ఉంటుంది, నోరు మాత్రం పదహారేళ్ళది.

“ఇంత ఆలస్యమేంటి తాతా? చేపకి పెళ్ళి చేసి వస్తున్నావా?”

“చేశానే. ఇదిగో, ఈయనే పెళ్ళిపెద్ద.”

“ఎవరు మామయ్యా?” కోడలు కంగారుగా కొంగు సర్దుకుంది.

“మా పై ఆఫీసరమ్మా. ఊరికే, చూసిపోదామని వచ్చారు.”

పిచ్చుక ఒక్కొక్క మెట్టే దిగుతూ మధ్యలో ఆగింది. “సార్, గేజి ఎంతుంది? మీరు చెప్పండి. మా తాత వట్టి కోతలరాయుడు.”

తూము కాపరి నేల చూశాడు. ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు.

“పది,” అన్నాడు. “సరిగ్గా పది. నేనే చూసి వస్తున్నా.”

పిచ్చుక మూడో మెట్టు మీదికి దిగి, రెండు చేతులూ పైకెత్తి బిగుసుకుని నిలబడింది. ఆకుపచ్చటి నీళ్ళు అటూ ఇటూ ఊగి, నెమ్మదిగా సర్దుకుని, బొడ్డు దగ్గర ఆగాయి.

కొడుకు చొక్కాతో సహా నీళ్ళలోకి ఉరికాడు. పిల్ల చివరి పక్కటెముక మీద వేలు పెట్టి, వేలు కింద వేలు పేర్చుకుంటూ వచ్చాడు. “ఒకటి... రెండు... మూడు... నాలుగు... నాన్నా! అయిదు! అయిదు వేళ్ళు దిగాయి నాన్నా!” అంటూ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా గంతులేశాడు. గట్టు మీద కోడలు గబగబా క్యారియరు గిన్నెలు విప్పింది.

తూము కాపరి లెక్క చూసుకున్నాడు. అయిదింట్లో రెండు తనవి. మరి మిగతా మూడు?

“నేను వదిలింది రెండే సార్,” అని ఇంజనీరు మోచెయ్యి పట్టుకుని గొణిగాడు. “ఒట్టు సార్. రెండే!”

“తెలుసయ్యా. గేజి నేను చూశాగా,” అన్నాడు ఇంజనీరు. కళ్ళజోడు తీసి, ఆ గ్రీజు రుమాలుతోనే తుడుచుకున్నాడు. “మూడు వేళ్ళు నిజమేనయ్యా. పో, పిల్లని ఎత్తుకో.”

ముసలాయన మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. మందు పట్టింది. పిల్ల బతుకుతుంది. వచ్చే వానలకి గొడుగు దాని చేతికే ఇవ్వాలి. తువ్వాలు చుట్టి, గజగజా వణుకుతున్న పిల్లని గుండెకి హత్తుకున్నాడు. “ఎదిగావే పిచ్చుకా! నా తల్లీ, ఎదిగావే!”

పిచ్చుక తండ్రి కేసి ఒకసారి చూసి, తాత మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో నోరు పెట్టింది.

“నాన్నకి చెప్పకేం తాతా... మునివేళ్ళ మీద నిలబడ్డాను.”