రెండో చీటీ

మా న్యూ సెటిల్‌మెంట్ చర్చిలో జనం పేరు రాయకుండా పెట్టెలో వేసే ప్రార్థన చీటీలు చదివే మహత్తర పదవి సంఘపెద్ద ఏలియాది. ఆయనకు మైకు అక్కర్లేదు, గొంతు అవతలి పేట ఇందాలోని బజారు దాకా వినబడుతుంది.

ఆ ఆదివారం మొదటి చీటీ ఆయన స్వయంగా రాసుకున్నదే.

“పిల్లమీద అఘాయిత్యం చేసినాడని పదేళ్లు జైలు పడిన మన పాటల మాస్టారు ఎరిక్, హైకోర్టు అప్పీల్లో గెలవాలి ప్రభువా!”

ఆమెన్ నీరసంగా వచ్చింది. ఏలియాకు మండింది.

“ఏటి, నోట్లో రసగుల్లాలెట్టుకున్నారా? ఆ అబద్ధాలకోరు తప్ప, పాట నేర్సుకున్న ఇంకో పిల్లేటైనా అన్నాదా?”

గెలిచిన వీరుడిలా ఆయన రెండో చీటీ విప్పాడు. ముందుగా మనసులో చదువుకోవడం పదవికే అవమానం కనుక నేరుగా గొంతెత్తాడు.

“ఎరిక్ మాస్టారి అప్పీలు కొట్టేయించు ప్రభువా. ఆ పిల్ల చెప్పింది నిజం. నన్నూ అలాగే చేసినాడు. మా నాన్నకి భయపడి ఇంట్లో చెప్పలేదు.”

ఏలియా చీటీ నలిపేశాడు.

“ఎవత్తివే నువ్వు? సిగ్గుంటే లెగు!”

ఆడవాళ్ల వైపు మొదటి వరసలో ఆయన కూతురు లేచి నిలబడింది.

“ఆమెన్ అను, నాన్నా.”